ఆడవాళ్ల రోజున చంద్రలోక రాక్షసుడు

దసరా వెళ్లి ఎన్నాళ్లో కాలేదు. రాజనర్సు వేళ్ల సందుల్లో సిరా మరక కనబడడం మానేసింది.

ఆబిడ్స్‌లో ఒక అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని అతనిది. ఎంత సబ్బు పెట్టి రుద్దినా గోళ్ల చుట్టూ ఒక నల్లగీత మిగిలే ఉండేది. అన్నం కలిపేటప్పుడు ఆ గీత చూస్తే పూలమ్మకు కడుపు నిండినట్టుండేది. పనికి పోతున్న మనిషి చెయ్యి అది. అలాంటిది ఒకనాడు పప్పన్నం కలుపుతున్న అతని చెయ్యి పెళ్లికొడుకు చెయ్యిలా తెల్లగా ఉంది.

ఆమె అడగలేదు. అడగడం పూలమ్మకు చేతనైన పని కాదు. నల్లా దగ్గర ఎవరైనా తన బిందె పక్కకు జరిపి తమది పెట్టుకుంటే, అది నిండేదాకా గోడకు ఆనుకుని నిలబడే మనిషి. నోరు ఊరుకుంటుంది గానీ కళ్లు ఊరుకోవు. అవి చూసినదంతా గుండెలో వేస్తాయి, గుండె దాన్ని పట్టుకుని దడదడలాడుతుంది.

ఆ దడకు కారణం ఉంది. రెండేళ్ల కింద రాజనర్సుకు ఒకసారి పని పోయింది. కబురు తెలిసిన రోజునే ఆమె అన్న బాలమల్లు ఊరి నుంచి బస్సెక్కి వచ్చాడు. "పనిలేనోని ఇంట్ల నా చెల్లె ఉండది" అని, చెల్లెలి చీరలు మూట కట్టించి తీసుకుపోయాడు. ఆ వానాకాలమంతా పూలమ్మ వదినె కళ్ల ముందు తిన్న ప్రతి ముద్దా లెక్కలోకి వెళ్లింది. అతనికి తిరిగి పని దొరికాకే ఇంటికి వచ్చింది. ఇప్పుడు మిరప కోతలు అయిపోవస్తున్నాయి. బస్తాలు వేసుకుని బాలమల్లు ఉస్మాన్‌గంజ్‌లో అమ్మడానికి వస్తాడు. వచ్చినవాడు చెల్లెలి ఇంటికి రాకుండా పోడు. బావ ఏం చేస్తున్నాడని అడగకుండా ఉండడు.

ఏం చేస్తున్నాడు? అదే తెలియడం లేదు.

సంక్రాంతి నెల మొదలైనప్పటి నుంచి రాజనర్సు మధ్యాహ్నం వెళ్లి బాగా పొద్దుపోయి వస్తున్నాడు. ఇంట్లోకి బియ్యం వస్తూనే ఉన్నాయి. అది ఇంకా భయం. పని లేకుండా బియ్యం ఎట్లా వస్తాయి? గొంతు బొంగురుపోయింది. మెడ వెనక నల్లరంగు. తలలో ఎండు పీచు. ఒకనాడు తెల్లవారుజామున నిద్రలో "దగ్గరికి రా, నిన్ను నమిలి మింగుతా" అన్నాడు. పూలమ్మ చాప ఆ చివరికి జరిగిపోయింది.

లేచాక ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

"ఏం పని జేస్తున్నవ్?"

"పనే." అతను చొక్కా గుండీలు చూసుకుంటూ అన్నాడు. "గా ముచ్చట అడగకు. ఎవలకన్న జెప్తే నా పని ఖతం. ఫికర్ జెయ్యకు."

ఫికర్ చేయవద్దని చెప్పడమంత ఫికరు ఇంకోటి లేదు.

పక్క గది వెంకటరత్నమ్మకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, కానీ తెలిసింది. ఆమె భర్త గోపాలరావు గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ ఏదో ఆఫీసులో గుమాస్తాగా కుదురుకున్నాడు. ఆయన ఆఫీసుకు వెళ్లగానే వెంకటరత్నమ్మ ఆబిడ్స్‌కు వెళ్లి అద్దె పుస్తకాల కొట్టులో ఒక డిటెక్టివ్ నవల తెచ్చుకునేది. పొయ్యి మీద పులుసు మాడుతున్నా హంతకుడు దొరికేదాకా లేచేది కాదు. నవల అయిపోయాక మిగిలిన తెలివితేటలన్నీ వాడకట్టు మీద ప్రయోగించేది. పాలవాడి సైకిలు గంట రెండుసార్లు మోగితే ఎందుకో, పోస్టుమాను ఎడమచేత్తో ఉత్తరం ఇస్తే ఎందుకో ఆమెకు తెలుసు.

"అమ్మాయ్, మెడ మీద రంగు మసి కాదు. మారువేషం," అంది గుమ్మంలో కూర్చుని, బియ్యంలో రాళ్లు ఏరుతున్న పూలమ్మతో.

పూలమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"గొంతెందుకు మారింది? మార్చుకున్నాడు కనుక. పగలు ఇంట్లో ఎందుకుంటున్నాడు? రాత్రి పనుంది కనుక. రెండే రెండు. అయితే మీ ఆయన గూఢచారి. లేదా..."

"లేదా?"

"గూఢచారి పట్టుకోవాల్సినవాడు." వెంకటరత్నమ్మ ఒక రాయి ఏరి అవతల పారేసింది. "భయపడకు. మొదటిదే అయ్యుంటుంది. చూడ్డానికి నెమ్మదస్తుడు."

అది మొదలు పూలమ్మకు పోలీసు టోపీ కనబడితే పక్క సందులోకి తిరిగిపోయేది.

మరునాడు వెంకటరత్నమ్మ ఊరుకోలేదు. "వెంబడిద్దాం" అని బయలుదేరదీసింది. పూలమ్మ వద్దంది, కానీ ఆమె వద్దనడం వెంకటరత్నమ్మకు ఎప్పుడూ వినబడలేదు. రాజనర్సు ముందు, వాళ్లిద్దరూ వెనక. అతను ఆగితే వెంకటరత్నమ్మ గోడ మీది సినిమా పోస్టరు చదివేది. అతను నడిస్తే పూలమ్మ చెయ్యి పట్టి లాగేది. ఉస్మాన్‌గంజ్‌లో అతను ఒక దుకాణంలోంచి కొబ్బరిపీచు కట్ట భుజాన వేసుకుని వచ్చాడు. అక్కడి నుంచి మొజంజాహీ మార్కెట్టుకు నడిచాడు. పండ్ల దుకాణాల పక్కన, గడియారం కింద, రంగుల మరకలున్న పైజామా తొడుక్కున్న ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. ఆ మనిషి చేతిలో గోనెగుడ్డ చుట్టిన గుండ్రటి వస్తువు. గుమ్మడికాయ కంటే పెద్దది.

బత్తాయిల గుట్ట చాటు నుంచి ఇద్దరూ చెవులు రిక్కించారు.

"తల అయితే బాగనే ఉన్నది సదాశివన్నా," అన్నాడు రాజనర్సు. "కన్నే ఒకటి చెడ్డది. వేరే కన్ను పెట్టాలె."

"రెండు మూడు రోజుల్ల తెస్తనే. అందాక ఒక్క కన్నుతోటే నడిపియ్."

పూలమ్మకు అక్కడి పండ్లన్నీ గిర్రున తిరిగాయి. తల. ఇంకో కన్ను. ఆమె వెనుదిరిగి, చెప్పు ఊడిపోతున్నా చూసుకోకుండా, ఇంటి దాకా ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. వెనకాలే వగరుస్తూ వచ్చిన వెంకటరత్నమ్మ మాత్రం ముఖం వెలిగిపోతూ, "కేసు చాలా పెద్దదే!" అంది.

ఆ రెండు రోజులూ పూలమ్మకు ముద్ద దిగలేదు. పోలీసులు వస్తే ఏమని చెప్పాలి, అన్న ముందు వస్తే ఏమని చెప్పాలి, ఇద్దరూ ఒకేసారి వస్తే ఎవరికి మంచం వేయాలి, ఇవే ఆలోచనలు. రాజనర్సు మాత్రం అన్నం తిని, గొంతుకు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా ఆమె కళ్లలోకి చూడకుండా వెళ్లేవాడు.

మూడోనాడు నుమాయిష్‌ ఎగ్జిబిషన్‌లో ఆడవాళ్ల రోజు. ఏటా ఒకరోజు ఆ మైదానంలోకి ఆడవాళ్లనూ పిల్లలనూ తప్ప రానివ్వరు. పరదా తీయని బేగంలు కూడా ఆ రోజు ముఖం మీద గుడ్డ తీసి, జిలేబీలు తింటూ, రంగులరాట్నాలు ఎక్కి కేకలు వేస్తారు. గేటు బయట మగవాళ్లు పెళ్లాలను దింపి, తమకిక్కడ ఏమీ దొరకదన్నట్టు మొహాలు వేలాడేసుకుని నిలబడతారు.

"పద," అంది వెంకటరత్నమ్మ. "మగపురుగు లేని చోట నీ భయం కాస్త తగ్గుతుంది. అక్కడ 'గూఢచారి మృత్యుగుహ' అని ఒకటి పెట్టారట. చూడకపోతే నా జన్మ వ్యర్థం."

మనుషులు చంద్రుడి మీదికి పోతారని పేపర్లు రాస్తున్న రోజులవి. కాబట్టి గుహలో కూడా చంద్రలోకం పెట్టారు. వాకిట్లో గాజుకళ్ల గూఢచారి బొమ్మ, నోట్లో సిగరెట్టు, చేతిలో తుపాకి. పక్కనే బల్ల వేసుకుని ఒకామె టిక్కెట్లు ఇస్తోంది. ఆమె ముఖం ఎందుకో పాలిపోయి ఉంది. లోపల గోనెపట్టాలతో కట్టిన సందు, చీకటి. గోడకు వేలాడే అట్ట గబ్బిలాలు. తారు డ్రమ్ములు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి వెండిరంగు పూసిన శత్రుదేశపు రాకెట్టు. లౌడు స్పీకరులో ఎవరో గంభీరంగా, "ఏజెంటు మూడువందల మూడు! ముందుకు వెళ్లకు! అక్కడ చంద్రలోక రాక్షసుడున్నాడు!" అంటున్నాడు.

"ఏజెంటుకు ముందే చెప్పేస్తే ఇంకేం మజా?" అని వెంకటరత్నమ్మ సణిగింది.

మలుపు తిరగగానే ఎర్రని కన్ను ఒకటి వెలిగింది. ఒక్కటే. ఒంటినిండా పీచు, గుమ్మడికాయ కంటే పెద్ద తల, మోకాళ్ల దాకా వేలాడే చేతులు. రాక్షసుడు రెండు చేతులూ ఎత్తి, గర్జించడానికి ఊపిరి పీల్చి, పూలమ్మను చూసి ఆగిపోయాడు. చేతులు మెల్లగా కిందికి దిగాయి.

"ఓ పూలా, నువ్వెందుకొచ్చినవే గీడికి?"

పూలమ్మ నోరు తెరిచింది, శబ్దం రాలేదు. వెంకటరత్నమ్మ నోరు తెరిచింది, వచ్చింది.

"మగాడు! లోపల మగాడున్నాడు! ఆడవాళ్ల రోజున మగాడండోయ్!"

ఆ కేకతో ఆమె బయటికి పరుగెత్తింది. గుహ వాకిట్లో ఇక గోల మొదలైంది. "ఏంది, ఏమైంది?", "క్యా హువా?", "వాలంటీర్లను పిలవండి!", "చెప్పులు తియ్యండి ముందు!"

రాక్షసుడు తల తీశాడు. లోపల రాజనర్సు. చెమటతో తడిసిపోయి, భయంతో తెల్లబోయి ఉన్నాడు.

"గిదేనా నీ పని?" అంది పూలమ్మ.

"గిదే. ప్రెస్సు మూసేసిన్రు. గీ గుహ సదాశివన్నదే, గీ పనిచ్చిండు. రాక్షసుడు అయిన అని నీకేమని జెప్పుదు? మీ అన్నకేమని జెప్పుదు?" అతను తలను నేల మీద దించాడు. "ఇయ్యాల సదాశివన్న మరదలు వెయ్యాలె గీ వేషం. జ్వరం వచ్చిందంట. పీచు లోపట ఎవడున్నడో ఎవలు జూస్తరు అని సదాశివన్న పొద్దుగాల్నే నన్ను గీండ్ల దాచిండు. ఇప్పుడు జైలుకు పంపుతరు పూలా. అంతకు ముందే వీళ్లు చెప్పులతోటి సంపుతరు."

పూలమ్మకు ఒక్క క్షణం ఎంత సంతోషం కలిగిందంటే ఏడుపొచ్చింది. తల అంటే ఈ తల. కన్ను అంటే ఈ కన్ను. ఎవరినీ చంపలేదు, ఎక్కడా దోచలేదు. మరుక్షణమే గోనెపట్టా అవతల టార్చిలైటు వెలుగు కదిలింది.

"ఇప్పు," అంది.

"ఏంది?"

"పీచంగి ఇప్పు. జల్ది! ఇప్పి గా డ్రమ్ముల్లకు దూరు."

ఆమె అతన్ని అట్లా ఆజ్ఞాపించడం పెళ్లయ్యాక అదే మొదలు. రాజనర్సు విప్పాడు. రాకెట్టు తలుపు తీసి లోపలికి దూరాడు. మోకాళ్లు పట్టలేదు, పూలమ్మ నెట్టింది. పీచంగిలోకి చీరతో సహా దిగింది. అది తడిగా, వేడిగా, మగమనిషి చెమట వాసనతో ఉంది. తల పెట్టుకోగానే లోకమంతా రెండు చిల్లులంత అయిపోయింది. ఆ చిల్లుల్లో ముగ్గురు వాలంటీరమ్మలు, వాళ్ల వెనక చేతిలో చెప్పుతో వెంకటరత్నమ్మ.

"ఎవరు నువ్వు? తల తియ్!"

పూలమ్మ వెనక్కి జరిగి రాకెట్టుకు ఆనుకుంది. వాలంటీరమ్మే రెండు చేతులా పట్టి తల పైకి లాగింది. జారిపోయిన కొప్పుతో, పెద్ద బొట్టుతో పూలమ్మ ముఖం టార్చి వెలుగులో పడింది.

"ఆడమనిషే గదా!" అంది వాలంటీరమ్మ, వెంకటరత్నమ్మ వైపు తిరిగి. "మరి మగ గొంతన్నారు?"

ఇది అసలైన గండం. ఇంతకు ముందే ఈ పిల్ల తన పక్కన నిలబడి టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వచ్చిందని వెంకటరత్నమ్మకు తెలుసు. రాక్షసుడు ఈమె కాదని ఈ లోకంలో చెప్పగలిగిన మనిషి ఆమె ఒక్కతే. పూలమ్మ ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. వెంకటరత్నమ్మ పూలమ్మను చూసింది. వెండి రాకెట్టును చూసింది. రాకెట్టు తలుపు సందులో ఇరుక్కున్న లుంగీ అంచును చూసింది. ఆమె కళ్లు మెల్లగా పెద్దవయ్యాయి.

"నాదే పొరపాటమ్మా," అంది చివరకు, చెప్పు కింద పడేసి కాలికి తొడుక్కుంటూ. "ఈ అమ్మాయి మా పక్కింటి పిల్లే. పొద్దుటి నుంచీ ఈవిడే ఆడుతోంది. జలుబు చేస్తే గొంతు బండబారిపోతుంది పాపం."

వాలంటీరమ్మలు విసుక్కున్నారు. "సరే, ఆట నడిపించమ్మా. బయట పిల్లలు లైనులో ఏడుస్తున్నారు."

వాళ్లు వెళ్లగానే వెంకటరత్నమ్మ పూలమ్మ చెవి దగ్గరికి వంగింది. "నాకంతా అర్థమైంది. మీ ఆయనొక్కడే అనుకున్నాను. నువ్వూ డిపార్టుమెంటేనా! అబ్బ, ఎంత అమాయకంగా బియ్యం ఏరేదానివే! నన్ను నమ్ము. గొంతు కోసినా చెప్పను."

పూలమ్మ కాదని చెప్పబోయింది. అప్పటికే పిల్లల గుంపు మలుపు తిరిగింది. తల పెట్టుకుని చేతులెత్తి "ఆఁ" అంది. కుక్కపిల్ల ఆవలించినట్టుంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

రాకెట్టు లోంచి గుసగుస వచ్చింది. "కడుపుల నుంచి తియ్యి. గొంతుల నుంచి గాదు."

ఆ సాయంత్రమంతా పూలమ్మ కడుపులో నుంచి తీస్తూనే ఉంది. ప్రతి గర్జనకూ డ్రమ్ము లోంచి ఒక సలహా. మధ్యలో ఒకసారి డ్రమ్ము తుమ్మింది. చంద్రలోకంలో రాకెట్లు తుమ్ముతాయని ఒక పాప తల్లికి చెప్పింది.

చీకటి పడబోతుండగా కొత్త భయం పట్టుకుంది. మైదానం ఖాళీ అయ్యాక వాలంటీర్లు ప్రతి స్టాలూ తనిఖీ చేస్తారట. టిక్కెట్లమ్మిన ఆమె, సదాశివ భార్యే, ఏడుపు గొంతుతో ఆ సంగతి చెప్పింది. అంతకు ముందే రాజనర్సు బయటపడాలి. మగవాడు మగవాడిగా ఆ గేటు దాటలేడు. ఇక మిగిలింది రాక్షసుడిగా దాటడమే.

ముందు వెంకటరత్నమ్మ. వెనక పీచంగిలో రాజనర్సు. అతని వీపుకు ఆనుకుని, వెనక పీచు సర్దుతున్నట్టు పూలమ్మ. పిల్లలు వెంటపడ్డారు. జిలేబీ తింటున్న ఆడవాళ్లు దారి ఇచ్చారు. గేటు దగ్గర కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏంది గిది?"

"కన్ను కాలిపోయింది. బాగుచేయించాలి. యజమాని బయట నిలబడ్డాడు," అంది వెంకటరత్నమ్మ, నవలల్లో నేర్చుకున్న స్థిరత్వంతో.

"లోపల ఎవలు?"

"మా ఆడిబిడ్డ," అంది పూలమ్మ. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకు తెలియదు.

కానిస్టేబులుకు పొద్దుటి నుంచి గేటు బయటే కాపలా, లోపలి తమాషా ఒక్కటీ చూడలేదు. ఇప్పుడు తమాషాయే నడిచి వచ్చింది. మీసం దువ్వుకున్నాడు. "ఆడిబిడ్డా, ఒక్కసారి జర ఒర్రు. ఇని తొవ్వ ఇడుస్త."

రాజనర్సు వీపు బిగుసుకుపోవడం పూలమ్మ అరచేతికి తెలిసింది. నోరు తెరిస్తే అంతే. వెంకటరత్నమ్మ ఇలాంటిది ఏ నవలలో ఉందో వెతుక్కుంటోంది. పిల్లలు గర్జన కోసం "ఒర్రు, ఒర్రు" అంటున్నారు. కానిస్టేబులు నవ్వు మెల్లగా తగ్గుతోంది.

పూలమ్మ అతని వీపు చాటున తల వంచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కడుపులో నుంచి తీసింది.

అదెక్కడి నుంచి వచ్చిందో ఏమో. జట్కా గుర్రం బెదిరి రెండడుగులు వెనక్కి వేసింది. బేగం ఒకామె చేతిలో పొట్లం జారవిడిచింది. రాజనర్సు ఉలిక్కిపడి అప్పుడు ఆలస్యంగా చేతులెత్తాడు.

"ఓరి నీ!" కానిస్టేబులు టోపీ సర్దుకున్నాడు. "ఆడిదైనా మొగోని లెక్క ఒర్రుతున్నదిగా! పో తల్లీ, పో."

స్టేషను రోడ్డు మలుపు దాటాక గానీ రాజనర్సు తల తీయలేదు. తీసి, మూసిన దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. పీచంగి లోపలి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పూలమ్మ పక్కనే కూర్చుంది. వెంకటరత్నమ్మ పది బారల ముందు నిలబడి, వాళ్లెవరో తనకు తెలియనట్టు ఆకాశం చూస్తూ, చాయ్ హోటల్లో పేపరు చదువుతున్న మనిషిని ఓరకంట కాపలా కాస్తోంది.

"ఆమెకేమైంది?" అన్నాడు రాజనర్సు.

"మనం సీఐడీలమంట."

"అయ్యో. అసలు సంగతి జెప్పొద్దా మరి?"

"జెప్తే రేపటికల్ల బస్తీ అంత తెలుస్తది. గిట్లనే ఉండనియ్. ఎవలకు జెప్పది."

రాజనర్సు నవ్వబోయి మానేశాడు. పీచంగి ముందువైపు విప్పుకున్నాడు.

"మీ అన్న ఎప్పుడొస్తడు?"

"ఎల్లుండి. మిరపకాయ బండ్ల మీద."

"నన్ను రాక్షసుడు అంటడు. నిన్ను తీస్కపోతడు."

ఎల్లుండి సంగతి పూలమ్మకు కళ్లముందే కనబడుతోంది. అన్న గుమ్మంలో నిలబడి, మూట కట్టుకో అంటాడు. ఆమె వంగి రాజనర్సు చొక్కా అంచు పట్టుకుని పిండింది. చెమట ధారగా మెట్టు మీద పడింది.

"నువ్వేం మాట్లాడకు," అంది. "నేనే జెప్త. పనిలేనోడు అంటే గీ అంగి పిండి సూపిస్త."

"ఒప్పుకోకుంటే?"

"ఇంకోసారి పిండుత," అని పూలమ్మ లేచింది. రాక్షసుడి తల చంకన పెట్టుకుంది. ఇంటికి నడవడానికి ఇంకా చాలా దూరం ఉంది.